విల్లే లేదు, ప్రొబేట్ ఎక్కడ్నుంచి తెస్తారమ్మా?

ప్రశ్న: నమస్తే సార్. మాది నల్లకుంట. మా నాన్నగారు మూడు నెలల క్రితం గుండెపోటుతో పోయారు. విల్లు ఏమీ రాయలేదు. అమ్మ, అన్నయ్య, నేను, తమ్ముడు. అన్నయ్య డాలస్‌లో ఉంటాడు, నేను పెళ్లయ్యి ఉప్పల్‌లో ఉంటున్నా, తమ్ముడు అమ్మతోనే ఫ్లాట్‌లో. ఆ ఫ్లాట్ నాన్న ఒక్కరి పేరు మీదే ఉంది. ఒక బ్యాంకులో రెండు ఎఫ్‌డీలు, ఒకటి 6 లక్షలు, ఒకటి నాలుగున్నర లక్షలు, వాటికి నామినీ లేరంటున్నారు. అమ్మతో జాయింట్ సేవింగ్స్ ఖాతా ఒకటుంది. వేరే బ్యాంకులో 4 లక్షల ఎఫ్‌డీకి తమ్ముడు నామినీ, ఆ డబ్బు తనదే అంటాడు. సూర్యాపేట దగ్గర ఊళ్లో ఎకరంన్నర పొలం ఉంది, అది బాబాయే చూసుకుంటాడు, నాయనమ్మ కూడా ఆయన దగ్గరే ఉంటుంది. ఇంకా ఒక స్కూటర్, కొన్ని షేర్లు. బ్యాంకులో అడిగితే కోర్టు నుంచి ప్రొబేట్ తెండి అన్నారు. తెలిసిన ఏజెంట్ ఒకతను 80 వేలిస్తే ప్రొబేట్ చేయించి పెడతా అంటున్నాడు. ఇవ్వమంటారా? అసలు ఇదంతా తేలిగ్గా అయ్యే దారి ఉందా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం:

అమ్మా, ముందు ఆ 80 వేలు లోపల పెట్టెయ్యండి. ప్రొబేట్ అంటే ఏంటంటే, పోయినాయన రాసిన విల్లు నిజమైనదే అని కోర్టు ముద్ర వేసి ఇచ్చే కాగితం, అంతే. మీ నాన్నగారు విల్లే రాయలేదు కదా, మరి కోర్టు దేని మీద ముద్ర వేస్తుంది? లేని పెళ్లికి శుభలేఖ కొట్టించినట్టుంటుంది. ఆ ఏజెంట్‌కి ఈ ముక్క తెలీకపోతే అతనికి పని రాదు, తెలిసీ అడిగితే ఇంకా డేంజర్, రెండు రకాలుగానూ అతని దగ్గరికి వెళ్లొద్దు.

బ్యాంకు వాళ్ల సంగతి వేరు, వాళ్లు కావాలని ఏడిపించరు, చాలాసార్లు కౌంటర్‌లో ఉన్నవాళ్లకి ప్రొబేట్, సక్సెషన్ సర్టిఫికేట్, లీగల్ హెయిర్ సర్టిఫికేట్ (వారసులు ఎవరో చెప్పే కాగితం) అన్నీ ఒకటే మాట. నేను బ్యాంకులోనే పని చేసి రిటైరయ్యా, కాబట్టి ఈ మాట ధైర్యంగా అంటున్నా. ఇంకో విషయం, విల్లు ఉన్నా కూడా ప్రొబేట్ తప్పనిసరి అనే రూల్ ఇంగ్లీషువాళ్ల కాలం నుంచీ కలకత్తా, మద్రాస్, బొంబాయి వైపు ఆస్తులకే ఉండేది, మన హైదరాబాద్‌లో అది ఎప్పుడూ తప్పనిసరి కాదు. సినిమాల్లోనూ ముంబై చుట్టాల నోటనూ విని మనవాళ్లు భయపడుతుంటారు. సక్సెషన్ సర్టిఫికేట్ అనేది విల్లు లేనప్పుడు బ్యాంకు డబ్బులు, షేర్లు లాంటివాటికి కోర్టు ఇచ్చేది, ఇళ్లకీ పొలాలకీ అది పనికి రాదు. మీకు అది కూడా అవసరం పడకపోవచ్చు, ఎందుకో చెప్తా.

కానీ దానికన్నా ముందు మీ ఉత్తరంలో ఒక మాట నన్ను ఆపేసింది. పొలం గురించి రాస్తూ మధ్యలో "నాయనమ్మ కూడా ఆయన దగ్గరే ఉంటుంది" అని ఊరికే రాసి వదిలేశారు. వారసులు ఎవరంటే అమ్మ, ముగ్గురు పిల్లలు అని నలుగుర్ని లెక్క పెట్టుకున్నారు. నాయనమ్మ బతికుంటే ఐదుగురమ్మా. 1956 హిందూ వారసత్వ చట్టంలో మగమనిషి విల్లు లేకుండా పోతే మొదటి వరస వారసుల్లో భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు ఆయన తల్లి కూడా ఉంటుంది, అందరికీ తలా ఒక సమాన భాగం. తండ్రి ఆ మొదటి వరసలో ఉండడు, తల్లి ఉంటుంది. ఇది చాలామందికి తెలీదు, తెలిసినా గుర్తుకు రాదు, ఎందుకంటే పెద్దావిడ ఊళ్లో ఒక మూల మంచం మీద ఉంటుంది, ఆవిడకి ఆస్తి ఏంటి అనిపిస్తుంది. మీరు హిందూ కుటుంబమే అనుకుని చెప్తున్నా, ముస్లింలకి, క్రైస్తవులకి లెక్క వేరే ఉంటుంది. ఫ్లాట్ మీ నాన్నగారి సొంత సంపాదనే అయితే మీ భాగం నాలుగోవంతు కాదు, ఐదోవంతు.

ఇది ఎందుకంత సాగదీస్తున్నానంటే, ఇప్పుడు ఆవిడ పేరు వదిలేసి మీరు నలుగురూ అన్నీ పంచేసుకున్నారనుకోండి, రేపు ఆవిడ పోతే ఆవిడ ఐదోవంతు మీ బాబాయికి, మేనత్తలు ఉంటే వాళ్లకి, మీ నాన్నగారి వాటాగా మీ ముగ్గురికి వస్తుంది. అంటే నల్లకుంట ఫ్లాట్‌లో మీ బాబాయి కూడా భాగస్తుడైపోతాడు. ఆయన మంచోడే అయ్యుండొచ్చు, ఆయన పిల్లలు, అల్లుళ్లు ఉంటారు కదా. పదేళ్ల తర్వాత ఫ్లాట్ అమ్ముదామని వెళ్తే కొనేవాళ్ల లాయర్ మొదట అడిగే ప్రశ్న అదే, ఆయన చనిపోయేనాటికి తల్లి ఉందా అని. అప్పుడు పరేషాన్ అయ్యే బదులు ఇప్పుడే ఆవిడ్ని లెక్కలో పెట్టుకుని, ఆవిడకి ఇష్టమైతే ఆవిడ భాగం మీ అమ్మ పేరు మీదకి రిజిస్టర్డ్‌గా వదిలించుకోండి. ఇష్టమైతే అన్నాను, గమనించండి. కొడుకు పోయిన దుఃఖంలో ఉన్న ముసలావిడ చేతికి ఇంకు రాసి, ఏంటో చెప్పకుండా వేలిముద్ర వేయించుకునే వాళ్లని నేను కళ్లారా చూశా, కోర్టులో అలాంటివి నిలబడవు, ఇంట్లో అయితే అసలే నిలబడవు.

సరే, ఇప్పుడు కాగితాల దగ్గరికి వద్దాం. డెత్ సర్టిఫికేట్ ఈపాటికి తీసుకునే ఉంటారు, పది కాపీలన్నా తీసి పెట్టుకోండి, అందులో నాన్నగారి పేరు ఒకసారి అక్షరం అక్షరం చూడండి. మన తెలుగువాళ్ల పేర్లతో వచ్చే చిక్కు ఇంకెవరికీ రాదు. ఆధార్‌లో వెంకటేశ్వర రావు, బ్యాంకులో కె.వి. రావు, ఫ్లాట్ దస్తావేజులో ఇంటిపేరుతో సహా వెంకటేశ్వర్లు, మూడూ ఒకరే. ఇలాంటివి ఉంటే ఒకే వ్యక్తి అని నోటరీ అఫిడవిట్ ముందే రెడీగా పెట్టుకోండి, లేకపోతే ప్రతి కౌంటర్‌లోనూ అక్కడే ఆగుతుంది బండి.

రెండోది ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికేట్. మీసేవలో అప్లై చేస్తారు, తహసీల్దార్ ఆఫీసు వాళ్లు ఎంక్వైరీ చేసి ఇస్తారు, ఇరుగుపొరుగు ఇద్దర్ని అడుగుతారు. ఆ అప్లికేషన్‌లో నాయనమ్మ పేరు రాయండి, మర్చిపోవద్దు. అలాగే పెళ్లయిన కూతురి పేరు అవసరం లేదులే అని ఎవరన్నా చెప్తే ఊరుకోవద్దు, మీ పేరు కూడా ఉండాలి. ఈ సర్టిఫికేట్ ఎవరికెంత భాగం అని తేల్చదు, ఇంట్లో ఎవరెవరున్నారు అని మాత్రమే చెప్తుంది, అయినా ముప్పావు వంతు పనులు దీని మీదే నడుస్తాయి.

ఇప్పుడు బ్యాంకు. ఇక్కడ కొంచెం ఎక్కువ సేపు ఆగుతా, ఎందుకంటే మీకు అసలు ఊరట ఇక్కడే ఉంది. జాయింట్ ఖాతా ఐదర్ ఆర్ సర్వైవర్ (ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవారు నడపొచ్చు అనే పద్ధతి) అయితే గొడవే లేదు, డెత్ సర్టిఫికేట్ ఇచ్చి నాన్నగారి పేరు తీయించేస్తే అమ్మ వాడుకోవచ్చు. పాస్‌బుక్ మొదటి పేజీలో ఈ మాట రాసుంటుంది చూడండి. కానీ నాన్నగారి ఒక్కరి ఖాతా ఏదన్నా ఉంటే దాని ఏటీఎం కార్డు, ఫోన్‌లో యూపీఐ ఎవరూ వాడొద్దు. పిన్ తెలుసు కదా అని చాలా ఇళ్లల్లో పెద్దకర్మ ఖర్చులకి గీకేస్తారు, రేపు మీలో ఒకళ్లకి ఒకళ్లతో మాట తేడా వస్తే ఆ పాతిక వేలే పెద్ద కేసు అవుతుంది.

నామినీ లేరంటున్న ఎఫ్‌డీలు రెండూ కలిపి పదిన్నర లక్షలు, వడ్డీతో కలిసి ఓ పదకొండు అనుకుందాం. 2025 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంకు చనిపోయిన ఖాతాదారుల క్లెయిమ్‌ల మీద కొత్త ఆదేశాలిచ్చింది, 2026 మార్చి 31 లోపు అన్ని బ్యాంకులూ అమలు చెయ్యాలని గడువు పెట్టింది. దాని ప్రకారం నామినీ లేకపోయినా, విల్లు లేకపోయినా, వారసుల మధ్య గొడవ లేకపోతే మామూలు కమర్షియల్ బ్యాంకులో 15 లక్షల దాకా, కోఆపరేటివ్ బ్యాంకులో అయితే 5 లక్షల దాకా, కోర్టు కాగితం లేకుండా సింపుల్ పద్ధతిలో ఇచ్చెయ్యాలి. మీరు ఆ లిమిట్ లోపలే ఉన్నారు. ఏం అడుగుతారంటే క్లెయిమ్ ఫారం, డెత్ సర్టిఫికేట్, డబ్బు తీసుకునేవాళ్ల ఆధార్ లాంటి గుర్తింపు, ఇండెమ్నిటీ బాండ్ (రేపు ఎవరన్నా హక్కు అడిగి బ్యాంకుకి నష్టం వస్తే మేం భరిస్తాం అనే హామీ పత్రం), తీసుకోని మిగతా వారసుల నుంచి మాకు అభ్యంతరం లేదని లెటర్, వారసులు ఎవరో చెప్పే సర్టిఫికేట్. ఆ సర్టిఫికేట్ ఆలస్యమైతే, మీ కుటుంబాన్ని బాగా ఎరిగిన, చుట్టం కాని పెద్దమనిషి ఒకరు డిక్లరేషన్ ఇచ్చినా సరిపోతుంది, బ్యాంకు ఆయన్ని ఒప్పుకోవాలి, అంతే. పక్క ఫ్లాట్ రిటైర్డ్ మాస్టారు లాంటివాళ్లు ఉంటారు కదా, వాళ్లన్నమాట.

కాగితాలన్నీ ఇచ్చిన రోజు నుంచి 15 రోజుల్లో సెటిల్ చెయ్యాలి, బ్యాంకు తప్పు వల్ల లేటైతే బ్యాంక్ రేటు (రిజర్వ్ బ్యాంకు ప్రకటించే ఒక వడ్డీ రేటు) మీద ఇంకో 4 శాతం వడ్డీ లెక్కన వాళ్లే కట్టాలి. అందుకే కాగితాలు ఊరికే చేతిలో పెట్టి రాకండి, కాపీ మీద తేదీతో సహా రిసీవ్డ్ స్టాంపు వేయించుకోండి, పదిహేను రోజులు ఆ స్టాంపు నుంచే మొదలవుతాయి. ఎఫ్‌డీ గడువు ఇంకా ఉన్నా, ఖాతాదారు పోయినందుకు మధ్యలో తీస్తే పెనాల్టీ వెయ్యకూడదు, అది కూడా చూసుకోండి. మళ్లీ ప్రొబేట్ అంటే, ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వండి సార్ అని నవ్వుతూ అడగండి. నూటికి తొంభై సార్లు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి రాసి, 30 రోజులు చూసి, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి) ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, దానికి ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు.

నేను బ్యాంకు ఉద్యోగినై ఉండి కూడా మా నాన్న పోయినప్పుడు ఒక బ్రాంచికి నాలుగుసార్లు తిరిగా. ప్రతిసారీ ఒక కొత్త కాగితం, మొదటిసారి అడగొచ్చు కదా అంటే మొహం మొహం చూసుకున్నారు. నాలుగోసారి నేను వెళ్లి, మీకు కావాల్సినవన్నీ ఒక తెల్లకాగితం మీద వరసగా రాసి సంతకం పెట్టి ఇవ్వండి, అవే తెస్తా, ఇంకొకటి అడిగితే తేను అన్నా. వారంలో అయిపోయింది. అప్పటి నుంచి ఎవరు అడిగినా నేను చెప్పే మొదటి మాట అదే. ఇంకోటి, అసలు నామినీ లేరన్న మాట కూడా వెంటనే నమ్మొద్దు. ఎఫ్‌డీ రసీదు తీసి చూడండి, నామినేషన్ రిజిస్టర్డ్ అని సన్నటి అక్షరాల్లో ఒక లైను ఉండొచ్చు, సిస్టమ్‌లో ఎక్కించడం మర్చిపోయి ఉంటారు. ఆ లైను ఉంటే పాత నామినేషన్ ఫారం వెతకమని రాసివ్వండి.

ఇక మీ తమ్ముడి 4 లక్షలు. బ్యాంకు అతనికే ఇస్తుంది, ఇవ్వడం కరెక్టే, నామినీ ఉంటే ఎంత మొత్తమైనా బ్యాంకు కోర్టు కాగితాలు అడక్కూడదు. కానీ బ్యాంకు ఇవ్వడం వేరు, డబ్బు అతనిది అవ్వడం వేరు. నామినీ అంటే అందరి తరఫున డబ్బు అందుకునే మనిషి, ఇంటికి తెచ్చాక వారసులందరికీ లెక్క చెప్పాలి. సుప్రీంకోర్టు 1984లో శర్బతీ దేవి కేసులో ఇన్సూరెన్స్ గురించి ఇదే అంది, 2023 డిసెంబర్‌లో షేర్ల గురించి కూడా నామినీ ఓనర్ కాడని మళ్లీ తేల్చింది. ఇన్సూరెన్స్‌కి మాత్రం 2015లో చట్టం మారింది, అమ్మానాన్న, భార్యాభర్త, పిల్లలు నామినీలైతే ఆ పాలసీ డబ్బు వాళ్లదే. మీ తమ్ముడు ఎక్కడో ఆ ఇన్సూరెన్స్ ముక్క విని ఎఫ్‌డీకి కూడా అదే అనుకుంటున్నాడేమో, కోపం లేకుండా ఇది చూపించండి. నిజం చెప్పాలంటే అమ్మని చూసుకునేది అతనే కదా, అందరూ కలిసి ఆ 4 లక్షలు అతనికే వదిలేద్దాం అనుకున్నా తప్పు లేదు, కానీ అది మీరిచ్చేది అవ్వాలి, అతను లాక్కునేది కాకూడదు.

షేర్లు డీమ్యాట్‌లో, అంటే కాగితాలు కాకుండా ఎలక్ట్రానిక్ ఖాతాలో ఉంటే, నామినీకి తేలిగ్గా మారుస్తారు. నామినీ లేకపోయినా చిన్న మొత్తాలకి కోర్టుకెళ్లక్కర్లేదు, 2022లో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ డీమ్యాట్‌కి 15 లక్షల దాకా, కాగితం షేర్లకి ఒక్కో కంపెనీకి 5 లక్షల దాకా సింపుల్ కాగితాలు చాలంది. పోస్టాఫీసులో ఏమన్నా ఉందేమో కూడా వెతకండి, మన నాన్నల తరం చెప్పకుండా అక్కడ దాస్తారు. బీరువాలో పాత పాస్‌బుక్‌లు ఏవన్నా దొరికి ఆ బ్యాంకు పేరే ఇప్పుడు లేకపోతే రిజర్వ్ బ్యాంకు ఉద్గమ్ పోర్టల్‌లో పేరు కొట్టి చూడండి, ఏళ్ల తరబడి ముట్టుకోని డిపాజిట్లు అక్కడ కనపడతాయి.

ఫ్లాట్ విషయానికొస్తే, ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఏంటంటే, జీహెచ్‌ఎంసీలో ఇంటి పన్ను పేరు మారిస్తే ఇల్లు మారిపోయింది అనుకోవడం. పన్ను రసీదులో పేరు, కరెంటు మీటర్ పేరు, నల్లా కనెక్షన్ పేరు ఇవన్నీ మార్చుకోవాలి, మార్చుకోండి, కానీ అవి హక్కు ఇవ్వవు. మీ నాన్నగారు కన్నుమూసిన క్షణంలోనే ఆ ఫ్లాట్ చట్టప్రకారం మీ ఐదుగురిది అయిపోయింది, దానికి ఏ కోర్టూ అక్కర్లేదు. తర్వాత ఒకరి పేరు మీదకి చేర్చాలంటేనే రిజిస్ట్రేషన్ కావాలి. మిగతావాళ్లు తమ హక్కు వదులుకుంటూ రిలీజ్ డీడ్ రాసిస్తారు, లేదా పంచుకుంటే పార్టిషన్ డీడ్. ఏదైనా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ అవ్వాల్సిందే. వంద రూపాయల స్టాంపు పేపర్ మీద రాసి నోటరీ గుద్దించి బీరువాలో పెట్టుకుంటే అది హక్కు వదులుకున్నట్టు కాదు. కుటుంబంలో వాళ్ల మధ్య అయితే స్టాంపు డ్యూటీ అమ్మకం కన్నా తక్కువే పడుతుంది, మీ ఫ్లాట్‌కి ఎంతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగితే లెక్క కట్టి చెప్తారు.

అమ్మ పేరు మీద పెడదాం అనే అందరూ అంటారు, మంచిదే. నా అభిప్రాయం అడిగితే, తొందర పడొద్దు. ఇప్పుడు ఖర్చు పెట్టి అమ్మ పేరు మీదకి మార్చి, అమ్మ విల్లు రాయకపోతే ఇదే కథ ఇంకోసారి మొదటి నుంచి. అమ్మ ఒప్పుకుంటే రిలీజ్ డీడ్ అయిన వారంలోనే ఆవిడ చేత విల్లు రాయించండి, తెల్లకాగితం చాలు, స్టాంపు అక్కర్లేదు, ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టాలి, ఆ ఇద్దరూ సంతకం చెయ్యాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కానీ చేయిస్తే నయం. సాక్షులుగా అమ్మ కంటే చిన్న వయసువాళ్లని పెట్టండి, మా బంధువుల్లో ఒకాయన విల్లుకి ఇద్దరు సాక్షులూ ఆయన కన్నా ముందే పోయారు, తర్వాత ఆ సంతకాలు ఎవరివో చెప్పేవాళ్ల కోసం ఊరంతా తిరగాల్సొచ్చింది.

ఇంకో మాట మీకు. రిలీజ్ డీడ్ దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒక పెద్దమనిషి, నీకు పెళ్లిలో కట్నం ఇచ్చారు కదమ్మా, ఇంక నీకేం వాటా, సంతకం పెట్టెయ్ అంటారు. పెళ్లి ఖర్చుకీ వాటాకీ సంబంధం లేదు. మీ అన్నయ్యకెంతో మీకంతే. అమ్మ మీద ప్రేమతో వదులుకుంటే సంతోషంగా వదులుకోండి, కానీ నాకు లేదు అనుకుని మాత్రం సంతకం పెట్టొద్దు.

అన్నయ్య డాలస్ నుంచి రాలేకపోతే ఇక్కడ ఎవరికైనా స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ (ఆ ఒక్క పనికి తన తరఫున సంతకం పెట్టే అధికారం) ఇవ్వొచ్చు. అక్కడ ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించాలి, లేదా అక్కడి నోటరీ దగ్గర సంతకం పెట్టి అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా అక్కడి ప్రభుత్వం వేసే ముద్ర) వేయించాలి. ఆ కాగితం ఇండియాలో అడుగు పెట్టిన మూడు నెలల లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర వాలిడేట్ చేయించుకోవాలి. ఈ మూడు నెలల సంగతి తెలీక మళ్లీ మొదటి నుంచి చేయించుకున్నవాళ్లు బోలెడుమంది. అందులో ఫ్లాట్ నంబరు, దస్తావేజు నంబరు, ఏం చెయ్యడానికి పవర్ ఇస్తున్నాడో స్పష్టంగా రాయించండి, అన్ని ఆస్తుల మీదా అన్ని అధికారాలూ అని జనరల్‌గా రాయించొద్దు. నాకు అభ్యంతరం లేదని అన్నయ్య బ్యాంకుకి ఇవ్వాల్సిన లెటర్ కూడా ఎలా కావాలో ముందే కనుక్కుని అతనికి పంపితే ఒకే ట్రిప్పులో రెండూ అయిపోతాయి.

పొలం. అది మీ తాతగారి నుంచి వచ్చిందా, నాన్నగారు కొన్నదా అన్నది మొదట చూడాలి. తాతల ఆస్తి అయితే భాగాల లెక్క మారుతుంది, కూతురిగా మీకు పుట్టుకతోనే హక్కు ఉండొచ్చు, ఆ పాత కాగితాలు ఒక సివిల్ లాయర్‌కి చూపించి ఒక గంట ఫీజు ఇచ్చినా పర్లేదు. పట్టాదారు పాస్‌బుక్ నాన్నగారి పేరు మీదే ఉంటే విరాసత్ (వారసుల పేర్లు రికార్డులో ఎక్కించడం) చేయించాలి, ఇప్పుడు తెలంగాణ భూముల రికార్డులకి ధరణి పోయి 2025 ఏప్రిల్ నుంచి భూభారతి వచ్చింది. తహసీల్దార్ వారసులందరికీ నోటీసులిచ్చి విచారణ చేసి 30 రోజుల్లో తేల్చాలి. దున్నేది బాబాయి కాబట్టి ఆయన పేరు ఎక్కించేస్తారేమో అని భయం వద్దు, కానీ మీరు అప్లై చెయ్యకుండా ఏళ్ల తరబడి ఊరుకుంటే మాత్రం ఊళ్లో లొల్లి మొదలవుతుంది.

స్కూటర్‌కి ఫారం 31 అని ఆర్‌టీఏలో ఉంటుంది, చనిపోయిన 30 రోజుల్లో చెప్పి 3 నెలల్లో పేరు మార్చుకోవాలి. మీకు ఇప్పటికే మూడు నెలలు అయిపోవచ్చాయి, ఈ వారమే వెళ్లండి, అప్పటిదాకా తమ్ముణ్ణి ఆ బండి తియ్యొద్దనండి, పోయినాయన పేరు మీద ఇన్సూరెన్స్‌తో యాక్సిడెంట్ అయితే ఎవరికీ మంచిది కాదు.

వారసత్వం మీద పన్ను అని ఎవరన్నా భయపెడితే నమ్మొద్దు, మన దేశంలో ఎస్టేట్ డ్యూటీ 1985లోనే తీసేశారు. నాన్నగారి ఆఖరి ఏడాది ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ మాత్రం వారసుల్లో ఒకరు పోర్టల్‌లో లీగల్ హెయిర్‌గా రిజిస్టర్ చేసుకుని వెయ్యాలి. ఆయనకి పర్సనల్ లోన్, క్రెడిట్ కార్డు బాకీ ఉంటే, మీకు వచ్చిన ఆస్తి మేరకే మీరు బాధ్యులు, మీ జేబులోంచి కట్టక్కర్లేదు. రికవరీ ఏజెంట్ ఫోన్ చేసి బెదిరిస్తే ఈ ముక్క చెప్పండి.

కోర్టు ఎప్పుడంటే, తమ్ముడో బాబాయో అడ్డం తిరిగినప్పుడు, లేదా డబ్బు ఆ లిమిట్లు దాటి బ్యాంకు సక్సెషన్ సర్టిఫికేట్ కావాలన్నప్పుడు. నాన్నగారు నివాసం ఉన్నది నల్లకుంట కాబట్టి సిటీ సివిల్ కోర్టులో వెయ్యాలి, మిగతా వారసులకి నోటీసులు, పేపర్లో ప్రకటన, మొత్తం మీద శాతం లెక్కన కోర్టు ఫీజు, కొన్ని నెలలు పడుతుంది. అది కూడా మీరు ఏజెంట్ ద్వారా కాదు, లాయర్ ద్వారా. ఆ లాయర్ ఫీజు కూడా భారమైతే, ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టంలోనే ఉంది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి మీరు గానీ అమ్మ గానీ వెళ్లి అప్లికేషన్ ఇవ్వొచ్చు. తమ్ముడితో మాట కుదరకపోతే కేసు వెయ్యకముందే అక్కడ లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టి మాట్లాడిస్తారు, అక్కడ రాసుకున్న ఒప్పందం కోర్టు డిక్రీతో సమానం. దావా వేసి పదిహేనేళ్లు తిరగడం కన్నా వెయ్యి రెట్లు నయం.

ఈ ఆదివారం అన్నయ్యని వీడియో కాల్‌లో పెట్టుకుని, అమ్మ పక్కన కూర్చుని, ఏది ఎవరి పేరు మీదకి అన్నది ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. సూర్యాపేట వెళ్లేటప్పుడు మాత్రం మొదటిసారి కాగితాలేవీ తీసుకెళ్లొద్దు, ఊరికే ఒక పూట నాయనమ్మ దగ్గర ఉండి రండి. అన్నట్టు, అమ్మ పేరు మీద ఉన్న ఖాతాలకి, ఎఫ్‌డీలకి నామినీ ఎవరో చూశారా? ఖాయంగా నాన్నగారి పేరే ఉంటుంది. 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు ఖాతాకి నలుగురు నామినీల దాకా పెట్టుకోవచ్చు, ఎవరికెంత శాతమో కూడా రాయొచ్చు. నాన్నగారి క్లెయిమ్ ఫారం ఇవ్వడానికి వెళ్లిన రోజే అమ్మని కూడా వెంటబెట్టుకెళ్లి ఆ నామినేషన్ ఫారం కూడా నింపించెయ్యండి.